కేమద్రుమం: ఒక జాతక పరిభాషకు యవన మూలం

తెలుగు జాతక గ్రంథాలలో 'కేమద్రుమం' అనే మాట మొదటిసారి కంటబడినప్పుడు అది ఏదో చెట్టు పేరై ఉంటుందని తోచడం సహజం, ఎందుకంటే 'ద్రుమ' శబ్దానికి వృక్షమనే అర్థం చదువుకున్నవారందరికీ తెలిసినదే. అయితే 'కేమ' అనే పూర్వభాగం ఏ చెట్టు పేరూ కాదు, దానిని సంస్కృత ధాతువుల నుండి సాధించే సంతృప్తికరమైన మార్గమూ లేదు. జ్యోతిషులు ఆ మాటను వృక్షానికి గాని, వృక్షంతో పోల్చదగిన దేనికి గాని వాడరు. జన్మకాలంలో చంద్రుడున్న రాశికి ముందు రాశిలోనూ వెనుక రాశిలోనూ సూర్యుడు తప్ప మరే గ్రహమూ లేకపోతే, అంటే చంద్రుడు ఇరువైపులా తోడు లేకుండా ఒంటరిగా ఉంటే, దానిని కేమద్రుమ యోగం అంటారు. రాజు ఇంట పుట్టినవాడైనా సరే ఈ యోగం దారిద్ర్యాన్ని, దైన్యాన్ని తెస్తుందని శాస్త్రం ఫలం చెప్పింది. శాస్త్రీయంగా ధ్వనిస్తూ, అక్షరార్థానికి ఏమాత్రం లొంగని ఈ పదం గ్రీకు భాష నుండి వచ్చిందనే ప్రతిపాదన 19వ శతాబ్ది నుండి ఉంది. ఆ ప్రతిపాదనకు ఉన్న బలమెంత, దానిని ఏ కొలతలతో పరీక్షించాలి అనేదే ఈ ఉపన్యాస విషయం.

పావగడ తాలూకాలోని నిడుగల్లు సీమకు ఈ విషయం దూరమైనది కాదు. కరికాల చోళుడి వంశీకులమని, ఒరెయూరు పురాధీశ్వరులమని చెప్పుకొన్న నిడుగల్లు చోళులు పాలించిన ఈ కొండకోట పరిసరాలలోని శాసనాలను లూయిస్ రైస్ 1904లో ప్రచురించిన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' 12వ సంపుటంలో చూడవచ్చు. దానశాసనాలలో శకవర్షాన్ని, తిథిని, వారాన్ని, సంక్రాంతినో గ్రహణాన్నో చెప్పి కాలాన్ని నిర్దేశించే పద్ధతి ఈ ప్రాంతమంతటా ఉండేది. కర్ణాటకలో ఉన్నా మూడు దిక్కులా ఆంధ్ర దేశం చుట్టుకొని ఉన్న పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం నడుస్తాయి. పావగడ పట్టణంలోని శనిమహాత్మ ఆలయానికి శనివారాలలో ఉభయ రాష్ట్రాల నుండి జనం వస్తారు. ఆ ఆలయ దైవమైన గ్రహానికి ఉన్న పేర్లలో ఒకటి, ఆ దర్శనం జరిగే వారం ఏర్పడిన లెక్క, రెండూ ఈ చర్చలోకి తప్పనిసరిగా వస్తాయి.

ముందుగా పదం దొరికే గ్రంథాలను చూడాలి. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు, తన 'పంచసిద్ధాంతిక'లో శకం 427ను, అంటే క్రీ.శ. 505ను గణనకు ఆరంభంగా తీసుకున్న ఆచార్యుడు, 'బృహజ్జాతకం'లో చంద్రయోగాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. అక్కడ కేమద్రుమం ఒంటరిగా కనిపించదు. సునఫా, అనఫా, దురుధరా అనే మరి మూడు మాటలతో కలిసి వస్తుంది. చంద్రుడికి రెండవ రాశిలో రవి కాని గ్రహం ఉంటే సునఫా, పన్నెండవ రాశిలో ఉంటే అనఫా, రెండింటా ఉంటే దురుధరా, ఎక్కడా లేకపోతే కేమద్రుమం. అంతకంటే పాతదిగా ఎక్కువమంది భావించే 'యవనజాతకం'లోనూ ఈ నాలుగూ ఒకే కుటుంబంగా ఉన్నాయి. స్ఫుజిధ్వజుడి పేరుతో ఉన్న ఆ గ్రంథాన్ని నేపాల్ తాళపత్ర ప్రతి ఆధారంగా డేవిడ్ పింగ్రీ 1978లో అనువాదంతో, విపులమైన వ్యాఖ్యతో ప్రచురించాడు. గ్రంథాంతంలోని సంఖ్యాసూచక పదాలను బట్టి, క్రీ.శ. 149–150లో గ్రీకు నుండి సంస్కృత గద్యానువాదం జరిగిందని, 269–270లో దానిని పద్యంగా కూర్చారని ఆయన నిర్ణయించాడు. 2013లో బిల్ మాక్ ఆ చివరి అధ్యాయాన్ని తిరిగి పరిశీలించి, ఆ సంవత్సరాలు పాఠ సవరణల మీద నిలబడినవని చూపి, గ్రంథకాలాన్ని 1వ శతాబ్ది మొదలుకొని 7వ శతాబ్ది ఆరంభం వరకు విశాలమైన పరిధిలోనే ఉంచాలని వాదించాడు. పదాల పుట్టుకను చర్చించేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పింగ్రీ ఇచ్చిన సంవత్సరాలను నిర్ధారిత సత్యంగా చెప్పే అలవాటు ఇప్పటికీ పోలేదు. అయితే పదాల పరీక్ష ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి లేదు.

సంస్కృతంలో అర్థం కుదరని ఈ నాలుగు మాటలను గ్రీకు జ్యోతిష పరిభాష పక్కన పెట్టినప్పుడు విషయం స్పష్టపడుతుంది. 'సునఫే' అంటే గ్రీకులో కూడిక, తాకిడి. ఒక గ్రహం ముందున్న మరో గ్రహాన్ని కలవబోవడాన్ని ఆ మాటతో చెప్పేవారు. సునఫా యోగంలో చంద్రుడు ముందుకు పోయి కలవవలసిన రాశిలో గ్రహం ఉంటుంది. 'డొరుఫొరియా' అంటే ఈటె పట్టిన భటులు రాజుకు అంగరక్షగా నడవడం. దురుధరలో చంద్రుడికి ముందూ వెనుకా గ్రహాలు పరివారంలా నిలుస్తాయి, ఫలంగా ధనం, వాహనం, భృత్యులు చెప్పబడ్డాయి. అనఫా విషయంలో గ్రీకు సమానపదం అంత ప్రసిద్ధమైనది కాదు గాని, ధాతువు సునఫాలోనిదే కావడం వల్ల అది జంటపదంగా ఏర్పడిందని ఊహించవచ్చు. ఇక నాలుగవది 'కెనొడ్రొమియా'. 'కెనొస్' అంటే శూన్యం, 'డ్రొమొస్' అంటే పరుగు. చంద్రుడు శూన్యంలో పరుగెత్తడం అని దాని అర్థం. గ్రీకు గ్రంథాలలో దీనికి ఉన్న నిర్వచనం ప్రకారం, చంద్రుడు ఏ గ్రహంతోనూ కూడకుండా, ఏ గ్రహ దృష్టినీ పొందకుండా, ముందున్న 30 భాగలలోపు ఎవరినీ కలవబోకుండా ఉంటేనే కెనొడ్రొమియా ఏర్పడుతుంది. 30 భాగలంటే ఒక రాశి ప్రమాణం. చంద్రుడికి పక్క రాశి వరకే చూసే భారతీయ సూత్రానికి ఆధారం అక్కడే కనిపిస్తుంది.

ఫలం విషయంలో పోలిక మరింత దగ్గరగా ఉంది. 4వ శతాబ్దికి చెందిన లాటిన్ రచయిత ఫిర్మికస్ మాటెర్నస్ తన 'మథేసిస్'లో శూన్యగమనంలో ఉన్న చంద్రుడికి పేదరికాన్ని, లేమిని ఫలంగా చెప్పాడు. వరాహమిహిరుడు కేమద్రుమానికి చెప్పినదీ అదే. ధ్వని కలిసి, నిర్వచనం కలిసి, ఫలం కూడా కలిసిన చోట కాకతాళీయమని కొట్టివేయడం సాధ్యం కాదు.

ధ్వని విషయంలో ఒక అభ్యంతరం వినవలసి ఉంది. 'కెనొ' అన్నది 'కేమ' ఎలా అయింది, నకారం మకారంగా ఎందుకు మారింది అనేది ఆ అభ్యంతరం. పదాంతంలోని మకారం ముందున్న నకారాన్ని తన వైపు లాగి ఉండవచ్చు. 'డ్రొమ' భాగం చెవికి 'ద్రుమ'లా వినబడగానే లేఖకుడి చేయి సుపరిచితమైన ఆ మాటను రాసి ఉండవచ్చు. ఇదొక్కటే అయితే వివరణ బలహీనమే. కాని పరాయి పదాన్ని తెలిసిన సంస్కృత పదం అచ్చులో పోయడం ఈ గ్రంథాలలో పదే పదే కనిపించే పద్ధతి. బృహజ్జాతకం మొదటి అధ్యాయంలో మేషాది రాశులకు క్రియ, తావురి, జితుమ, కుళీర, లేయ, పాథోన, జూక, కౌర్ప్య, తౌక్షిక, ఆకోకేర, హృద్రోగ మొదలైన పేర్లు ఉన్నాయి. వీటిలో మేషానికి చెప్పిన క్రియ గ్రీకు 'క్రిఒస్', వృషభానికి చెప్పిన తావురి 'తావ్రొస్', సింహానికి చెప్పిన లేయ 'లెఓన్', కన్యకు చెప్పిన పాథోన 'పర్థెనొస్'. కుంభరాశి పేరు 'హృద్రోగ' చూపులకు గుండెజబ్బు. దాని మూలమైన 'హుడ్రొఖొఒస్' నీరు పోసేవాడు. కుంభధారికి హృదయరోగంతో ఏ సంబంధమూ లేదు, కేమద్రుమానికి చెట్టుతో ఏ సంబంధమూ లేనట్టే. ఈ పేర్లలో కుళీరం మాత్రం ఎండ్రకాయకు ఉన్న సంస్కృత పదమే కావడం గమనించదగినది. జాబితా గ్రీకుదైనంత మాత్రాన అందులోని ప్రతి మాటా గ్రీకు కానక్కరలేదు.

కేమద్రుమానికి పూర్వ పండితులు మరొక మూలాన్ని కూడా సూచించారు. 'ఖ్రేమతిస్మొస్' అనే గ్రీకు మాట దీనికి ఆధారమన్న సూచన 19వ శతాబ్ది కోశ సాహిత్యంలో చోటుచేసుకుంది. ఆ మాటకు వ్యవహారం నడపడం, ధనార్జన, అధికారిక సమాధానం అనే అర్థాలున్నాయి. జ్యోతిషంలో అది క్రియాశీలంగా, ఫలమిచ్చే స్థితిలో ఉండడాన్ని సూచించే మాటలకు సంబంధించినది. ధనార్జనను చెప్పే మాట దారిద్ర్య యోగానికి పేరైందని ఒప్పుకోవడం కష్టం. కొన్ని అక్షరాలు కలిసినంత మాత్రాన అర్థం తలకిందులైనా సరిపెట్టుకోవచ్చు అనుకుంటే ఏ భాషలోని ఏ మాటనైనా ఏ భాషకైనా ముడిపెట్టవచ్చు. హెర్మన్ యాకోబీ 1872లో బాన్ విశ్వవిద్యాలయానికి లాటిన్ భాషలో సమర్పించిన సిద్ధాంత వ్యాసం భారతీయ హోరాశాస్త్ర మూలాలను గూర్చినదే. ఒక్కొక్క పదాన్ని విడిగా కాక, శాస్త్రవ్యవస్థలో దాని స్థానంతో కలిపి చూడాలన్న పద్ధతికి ఆ తరం పండితులే పునాది వేశారు. ఆ కొలతతో చూసినప్పుడు శూన్యగమనమే నిలుస్తుంది, రెండవది నిలవదు.

ఈ పద్ధతికి గట్టి ఉదాహరణ 'జామిత్రం'. వివాహ ముహూర్తంలో జామిత్ర శుద్ధి చూడనిదే లగ్నం పెట్టరు. లగ్నానికి ఏడవ స్థానం, అంటే వృత్తంలో సరిగ్గా 180 భాగల ఎదుటనున్న స్థానం జామిత్రం. గ్రీకులో వృత్తాన్ని మధ్యగా కొలిచే వ్యాసరేఖకు 'డియామెట్రొన్' అని పేరు. 'డియా' అంటే గుండా, 'మెట్రొన్' అంటే కొలత. ఆ రేఖ రెండో కొస తాకే చోటే ఏడవ రాశి. 'మెట్రొన్' సంస్కృతంలో 'మిత్ర'గా మారడంతో భార్యాభర్తల స్థానానికి స్నేహవాచకం అమరినట్టు కూడా కనిపిస్తుంది. కాళిదాసు 'కుమారసంభవం' ఏడవ సర్గలో పార్వతీ కల్యాణ ముహూర్తాన్ని చెబుతూ ఈ మాటనే వాడాడు. మెతుకుసీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యలో దానిని లగ్నానికి ఏడవ స్థానమని వివరించాడు. యవనుల జ్యామితి పదం శివపార్వతుల పెళ్లి ముహూర్తంలో చోటు సంపాదించి, తెలుగువాడి వ్యాఖ్య ద్వారా తరతరాల విద్యార్థులకు అందింది. భారతీయ విద్య పరాయి సొమ్మును ఎంత ఆత్మవిశ్వాసంతో తనదిగా చేసుకున్నదో తెలిపే ఉదాహరణలలో దీనికి అగ్రస్థానం ఇవ్వవలసి ఉంటుంది.

జాతకచక్రంలో ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాలకు కేంద్రాలని, వాటి తరువాతివైన రెండు, ఐదు, ఎనిమిది, పదకొండు స్థానాలకు పణఫరాలని, మిగిలిన మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు స్థానాలకు ఆపోక్లిమాలని పేర్లు. ఇవి వరుసగా గ్రీకు 'కెంట్రొన్', 'ఎపనఫొరా', 'అపొక్లిమా'. కెంట్రొన్ అంటే మొదట ములుగర్ర మొన, ఆపైన వృత్తలేఖినిలో నాటుకునే ముల్లు, ఆపైన వృత్తమధ్యం. పణఫరం, ఆపోక్లిమం జాతక గ్రంథాలు దాటి బయటికి రాలేదు. కేంద్రం మాత్రం కేంద్రప్రభుత్వం వరకు వచ్చింది. రాశిని మూడు పది భాగల ముక్కలుగా చేసే ద్రేక్కాణం 'డెకనొస్' నుండి వచ్చింది. అయితే ఆ విభాగం గ్రీకులు కూడా ఈజిప్టు నుండి తెచ్చుకున్నదే. భాగలో అరవయ్యవ వంతైన 'లిప్త' గ్రీకు 'లెప్టొన్', అంటే సన్ననిది, సూక్ష్మాంశం. కోణమానంగా వచ్చిన ఆ పదాన్ని తెలుగు కాలమానంగా మార్చుకొని 'లిప్తపాటు' అనే చక్కని నుడికారాన్ని సృష్టించుకుంది. తెలుగు వ్యాకరణ సంప్రదాయం ఇటువంటి మాటలను తత్సమాలుగా లెక్కిస్తుంది; సంస్కృతసమమైనది తత్సమం కాబట్టి ఆ లెక్క సరైనదే. కాని ఆ సంస్కృత పదం తానే ఒకనాటి అన్యదేశ్యం కావచ్చుననే ఎరుక కోశకారులకు ఉండడం మంచిది.

'హోర' విషయంలో వరాహమిహిరుడే ఒక సంప్రదాయ వ్యుత్పత్తిని పేర్కొన్నాడు. 'అహోరాత్ర' శబ్దంలోని మొదటి, చివరి అక్షరాలను తొలగిస్తే హోర మిగులుతుందని కొందరు అంటారని ఆయన చెప్పాడు. గ్రీకులో 'హోరా' అంటే ఋతువు, ఆపైన దినంలోని ఒక గంట. ఈ రెండింటిలో ఏది నిలుస్తుందో నిర్ణయించడానికి వారాల లెక్క ఉపయోగపడుతుంది. భూమికి దూరంగా ఉన్నదాని నుండి దగ్గరగా ఉన్నదాని వరకు శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు అనే వరుసలో గ్రహాలను పెట్టి, దినంలోని 24 హోరలకు ఒక్కొక్క హోరకు ఒక్కొక్కరిని అధిపతిగా లెక్కిస్తూ పోతే, మొదటి హోర శనిదైన దినం తరువాత 25వ హోర, అంటే మరునాటి మొదటి హోర, రవిది అవుతుంది. ఆ మరునాడు చంద్రుడిది, ఆపైన కుజుడిది. శని, ఆది, సోమ, మంగళ అనే వారక్రమం ఇలా వచ్చింది. వేదకాలం నుండి దినాన్ని ముప్పై ముహూర్తాలుగా విభజించిన దేశంలో 24 భాగాల లెక్క మీద నిలిచిన ఈ క్రమం మాటతో పాటు బయటి నుండి వచ్చిందని గ్రహించవచ్చు. తేదీ గల భారతీయ శాసనాలలో వారాన్ని పేర్కొన్న వాటిలో బుధగుప్తుడి ఏరణ్ శాసనం ముందుగా చెప్పదగినది. అది గుప్త సంవత్సరం 165, అంటే క్రీ.శ. 484 నాటిది, గురువారాన్ని పేర్కొంది.

పావగడ దైవం పేరు ఇక్కడికే వస్తుంది. బృహజ్జాతకం రెండవ అధ్యాయంలో గ్రహాలకు ఇచ్చిన పర్యాయపదాలలో సూర్యుడికి హేలి, కుజుడికి ఆర, శుక్రుడికి ఆస్ఫుజిత్, శనికి కోణ అనే పేర్లున్నాయి. ఇవి గ్రీకుల హేలిఒస్, అరేస్, అఫ్రొడితే, క్రొనొస్. ఈ 'కోణ' జ్యామితిలోని మూలకు సంబంధించినది కాదు. శని దశనామ స్తుతిలో మొదటిదైన 'కోణస్థ' అన్న నామం, మూలం మరుగునపడిన ఈ పరాయి పేరుకు 'కోణంలో ఉన్నవాడు' అని అర్థం కల్పించుకోవడం వల్ల ఏర్పడి ఉండవచ్చు. ఇది ఊహే తప్ప నిర్ధారణ కాదు. 'శని' మాత్రం అచ్చమైన సంస్కృతం. సుమారు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లకు గాని రాశిచక్రాన్ని ఒకసారి చుట్టని గ్రహానికి మెల్లగా నడిచేవాడని, శనైశ్చరుడని పేరు రావడం ఎంతో సహజం. ఇంగ్లీషు 'శాటర్న్'కు, శనికి మొదటి అక్షరం కలిసిందని రెండింటినీ ఒకే మూలానికి కట్టేవారు ధ్వనిని మాత్రమే విని మిగిలిన కొలతలను వదిలిపెట్టినవారు. నిడుగల్లు పేరును కూడా ఇదే కొలతతో చూడవచ్చు: నిడు అంటే పొడవైన, కల్లు అంటే రాయి, ఎదురుగా ఎత్తైన రాతికొండ ఉంది, దేశ్యపదాలతో అర్థం సంపూర్ణంగా కుదిరినప్పుడు దేశాంతరం వెళ్లి మూలం వెతకనక్కరలేదు.

గ్రీకు మూలాన్ని అందరూ ఒప్పుకోలేదు. ధర్మశాస్త్ర చరిత్రకారుడు పాండురంగ వామన కాణే ఈ పదాల సంఖ్యను, వాటిమీద కట్టిన సిద్ధాంతాలను గట్టిగా ప్రశ్నించి, రాశివిభాగానికి మూలంగా బాబిలోనియా వైపు చూపాడు. రాశుల భావన మొదట బాబిలోనియాలో రూపుదిద్దుకున్నదన్నది నిజమే. కాని భావన పుట్టినచోటు ఒకటి, అది ఏ భాష ద్వారా వచ్చిందన్నది మరొకటి. పర్థెనొస్, డియామెట్రొన్, కెనొడ్రొమియా గ్రీకు భాషలోనే అర్థమయ్యే మాటలు కాబట్టి చివరి మజిలీ గ్రీకు గ్రంథాలేనని ఒప్పుకోవలసి ఉంటుంది. అలా ఒప్పుకోవడం భారతీయ విద్యను తక్కువ చేయడమని భయపడేవారికి వరాహమిహిరుడే సమాధానం. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వారిలో స్థిరంగా ఉంది కాబట్టి వారు ఋషుల వలె పూజితులవుతున్నారన్న అభిప్రాయాన్ని ఆయన బృహత్సంహితలో నిస్సంకోచంగా చేర్చాడు. అప్పు తీసుకున్న విద్యను పెంచి తిరిగి లోకానికి ఇచ్చిన చరిత్ర కూడా ఉంది: వింటినారి అనే అర్థంలో 'జ్యా', 'జీవా' అన్న మాటలు అరబ్బీలోకి 'జీబ'గా పోయి, 'జైబ్'గా చదవబడి, లాటిన్‌లో 'సైనస్'గా అనువాదమై, నేటి త్రికోణమితిలో సైన్‌గా నిలిచాయి.

తెలుగు దేశంలో ఈ శాస్త్రం సంస్కృతానికే పరిమితం కాలేదు. 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులోనూ సంస్కృతంలోనూ వ్యాఖ్యలు రాశాడు. 15వ శతాబ్దిలో శ్రీశైల ప్రాంతీయుడైన యల్లయ అదే గ్రంథానికి వ్యాఖ్య సమకూర్చాడు. ఈ వరుసలో కేంద్రం, లిప్త వంటి మాటలకు తెలుగు వివరణలు ఏర్పడ్డాయి. తెలుగు నిఘంటువులు చాలావరకు కేమద్రుమానికి 'ఒక యోగవిశేషం' అని అర్థమిచ్చి ముగిస్తాయి. సునఫా, దురుధరలకు ఆపాటి గౌరవం కూడా దక్కదు. మూలాన్ని, నిర్వచనాన్ని, వాడుకను కలిపి చెప్పే జ్యోతిష పరిభాషా కోశం తెలుగులో రావలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఆ కోశానికి కావలసిన సామగ్రి పెద్ద గ్రంథాలయాలలో మాత్రమే లేదు. పావగడ, మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాలలో పంచాంగం చెప్పే కుటుంబాల ఇళ్లలో తెలుగు లిపిలోను, కన్నడ లిపిలోను రాసిన జాతక గ్రంథాలు, వాటి అంచుల్లో పెద్దలు రాసుకున్న టీకలు ఉంటే, అవి ఎంత చిన్నవైనా విలువైనవే. కేమద్రుమానికి ఒక గ్రామ జ్యోతిషుడు ఏ అర్థం రాసుకున్నాడన్నది కూడా పదచరిత్రలో ఒక సాక్ష్యమే. అటువంటి ప్రతులున్నవారు వాటిని చెదలకు వదలకుండా, అసలును తమ వద్దే ఉంచుకొని, ఛాయాప్రతులనైనా మైసూరు ప్రాచ్యవిద్యా సంశోధనాలయానికి గాని, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్యపరిశోధన సంస్థకు గాని అందజేయవలసిందిగా విజ్ఞప్తి.